అనుమానం వచ్చిన ఫైలును నొక్కకుండానే ఆన్‌లైన్‌లో ఉచితంగా పరీక్షించడం ఎలా?

“ఈ ఫైలు ఓపెన్ చేయొచ్చా అండీ?” అని అడిగేవాళ్లు తగ్గడం లేదు. ఒకరికి పెళ్లి పిలుపు పేరుతో వాట్సాప్‌లో ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు) వస్తుంది. ఇంకొకరికి ట్రాఫిక్ చలానా, మరొకరికి పీఎం కిసాన్ డబ్బులు లేదా బ్యాంకు కేవైసీ. కంప్యూటర్ వాడేవాళ్ల గొడవ వేరు, ఎక్కడో ఫ్రీగా దొరికిన సాఫ్ట్‌వేర్ దించుకుంటారు, యాంటీవైరస్ అరుస్తుంది, దాన్ని ఆఫ్ చేయాలా వద్దా అని అడుగుతారు. అందరికీ చెప్పాల్సింది ఒకటే కాబట్టి మొత్తం ఇక్కడ రాస్తున్నాను. సిద్ధాంతం జోలికి పోను.

కావలసినవి

కంప్యూటర్ ఉంటే మంచిది, లేకపోతే ఫోన్‌లో క్రోమ్ చాలు. కంప్యూటర్‌లో సెవెన్-జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే 3వ మెట్టు సులువవుతుంది. మొదట్లో అకౌంట్లేవీ అక్కర్లేదు, శాండ్‌బాక్స్ (ఫైలును వేరే కంప్యూటర్‌లో నడిపి చూడడం, 8వ మెట్టు) దాకా వెళ్లాలనుకుంటే ఒక ఈమెయిల్ కావాలి. పది పదిహేను నిమిషాల ఓపిక కావాలి, ఎక్కువమందికి లేనిది అదే.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక

ఫైళ్లను పరీక్షించే సైట్లకు మీరు పంపిన ఫైలు మీ దగ్గరే ఉండిపోదు. మనం ఎక్కువగా వాడబోయే వైరస్‌టోటల్ అనే సైటులో వేసిన ఫైళ్లను యాంటీవైరస్ కంపెనీలు, డబ్బు కట్టిన పరిశోధకులు దించుకోగలరు. ఆ సైటు నడిచే పద్ధతే అది, అందులో మోసం ఏమీ లేదు. కాబట్టి జీతం స్లిప్పు, ఆధార్ కాపీ, బ్యాంకు స్టేట్‌మెంట్, ఆఫీసు ఒప్పందాలు, మీ పేరు మీద వచ్చిన ఇన్వాయిస్ లాంటివి నేరుగా అప్‌లోడ్ చేయకండి. వాటికి 3వ మెట్టులో చెప్పిన హాష్ పద్ధతి వాడండి, దానితో తేలకపోతే పంపినవాళ్లకు ఫోన్ చేసి అడగండి. ఆఫీసు ఫైలైతే మీ ఐటీ వాళ్లకు చెప్పండి, మీ అంతట మీరు ఏ సైటులోనూ వేయవద్దు.

1. ఫైలును తెరవకుండా దించుకోండి

వాట్సాప్‌లో డాక్యుమెంట్ మీద మొదటిసారి నొక్కితే డౌన్‌లోడ్ అవుతుంది, రెండోసారి నొక్కితే తెరుచుకుంటుంది. ఆటో డౌన్‌లోడ్ ఆన్‌లో ఉంటే మొదటి నొక్కుడే తెరవడం కింద లెక్క. ఏపీకే అయితే అప్పుడు కూడా వెంటనే ఇన్‌స్టాల్ అయిపోదు, తెలియని యాప్‌లకు అనుమతి ఇస్తారా అని ఆండ్రాయిడ్ అడుగుతుంది. ఆ ప్రశ్న కనిపిస్తే వెనక్కి రండి, ఇంకా ఏమీ మునిగిపోలేదు.

నేనైతే కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి అక్కడ దించుకోమంటాను. ఏపీకే విండోస్ మీద దానంతట అది నడవదు, ఆండ్రాయిడ్ గేమ్‌ల కోసం ఎమ్యులేటర్ పెట్టుకున్నవాళ్లు మాత్రం జాగ్రత్త పడాలి. ఈఎక్స్‌ఈ (విండోస్ ప్రోగ్రామ్), జిప్, ఆర్‌ఏఆర్ (ఫైళ్లను కుదించి కట్టిన మూటలు) ఫైళ్లయితే వేరే ఫోల్డర్ చేసి అందులో పెట్టండి, డబుల్ క్లిక్ చేయకండి.

“నువ్వోసారి చూడరా” అంటూ ఆ ఫైలును తమ్ముడికో, ఫ్యామిలీ గ్రూపుకో ఫార్వర్డ్ చేయకండి. మీరు అనుమానంతో పంపినా, మీ పేరు చూసి పిన్నిగారు నమ్మకంగా నొక్కేస్తారు.

2. పూర్తి పేరు చూడండి

విండోస్ మామూలుగా ఫైలు పేరులో చివరి ముక్కను దాచేస్తుంది. “బిల్లు.పీడీఎఫ్.ఈఎక్స్‌ఈ” అనే ఫైలు మీకు “బిల్లు.పీడీఎఫ్” అని మాత్రమే కనిపిస్తుంది, బొమ్మ కూడా పీడీఎఫ్‌దే పెట్టి ఉంటారు. విండోస్ 11 అయితే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, అందులో షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అన్నదాన్ని ఆన్ చేయండి. విండోస్ 10లో వ్యూ ట్యాబ్‌లోనే టిక్ పెట్టే గడి ఉంటుంది. ఒకసారి ఆన్ చేశాక మళ్లీ ఆఫ్ చేయవద్దు.

చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి. పెళ్లి పిలుపు ఫొటోగానో, పీడీఎఫ్‌గానో, వీడియోగానో వస్తుంది, యాప్‌గా రాదు. బ్యాంకు తన యాప్‌ను వాట్సాప్‌లో పంపదు, చలానా కట్టడానికి ఎవరూ కొత్త యాప్ వేసుకోమనరు. ఇలాంటివైతే మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసుకుని, పంపిన నంబరును రిపోర్ట్ చేసి బ్లాక్ చేసి, ఫైలు తీసేయండి. తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చిందంటే వాళ్ల ఫోనే హ్యాక్ అయి ఉండొచ్చు, బ్లాక్ చేయడం కాదు, మామూలు కాల్ చేసి చెప్పండి. ఇక పరీక్ష అవసరం లేదు.

3. హాష్ తీసి వెతకండి

హాష్ అంటే ఫైలు వేలిముద్ర లాంటిది. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఇదీ మారిపోతుంది. దీంతో లాభం ఏమిటంటే, ఫైలును ఎక్కడికీ పంపకుండానే అది ఇంతకుముందు ఎవరికైనా దొరికిందా అని చూడొచ్చు.

సెవెన్-జిప్ ఉంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏ అన్న మెనూలోకి వెళ్లి, ఎస్‌హెచ్‌ఏ-256 ఎంచుకోండి. విండోస్ 11లో ఆ మెనూ కనిపించకపోతే ముందు షో మోర్ ఆప్షన్స్ నొక్కండి. 64 అక్షరాల పొడవున్న వరస ఒకటి వస్తుంది, దాన్ని కాపీ చేసుకోండి. సెవెన్-జిప్ వద్దనుకుంటే విండోస్‌లోనే ఉండే పవర్‌షెల్ (కమాండ్లు టైప్ చేసే కిటికీ)లో గెట్-ఫైల్‌హాష్ అనే కమాండ్ కూడా ఇదే ఇస్తుంది.

ఇప్పుడు వైరస్‌టోటల్ డాట్ కామ్‌కి వెళ్లి సెర్చ్ ట్యాబ్‌లో అతికించండి. 2004లో స్పెయిన్‌లో మొదలైన ఈ సైటును 2012లో గూగుల్ కొనేసింది. మన ఫైలును ఒకేసారి 70 దాకా యాంటీవైరస్‌లతో పరీక్ష చేయించి ఫలితాలు ఒకచోట పెడుతుంది, అంతే. దానికంటూ సొంత తీర్పు ఉండదు, ఇది గుర్తుంచుకోండి.

రిపోర్టు వస్తే నేరుగా 5వ మెట్టుకు వెళ్లండి. ఏమీ దొరకలేదని వస్తే, ఆ ఫైలును ఇంతవరకూ ఎవరూ అక్కడ వేయలేదని మాత్రమే అర్థం, మంచిదని కాదు. ఇంకో కోణం కూడా ఉంది. లక్షలమంది వాడే ఫలానా సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్ అని చెప్పిన ఫైలు వైరస్‌టోటల్‌కి అస్సలు తెలియకపోతే నాకు అనుమానం పెరుగుతుంది. అసలు ఇన్‌స్టాలర్‌ను ఎవరో ఒకరు ఈపాటికే వేసి ఉండాలి కదా, మీ దగ్గరున్నది ఎవరో చెయ్యి పెట్టి మార్చిన కాపీ కావచ్చు.

4. అప్‌లోడ్ చేయండి

ఫైలులో మీ సొంత వివరాలు లేవని రూఢి చేసుకున్నాక, ఫైల్ ట్యాబ్‌లో చూజ్ ఫైల్ నొక్కి ఎంచుకోండి. ఫోన్‌లో కూడా ఇదే పద్ధతి, క్రోమ్‌లో సైటు తెరిచి, డౌన్‌లోడ్స్‌లోనో వాట్సాప్ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోనో ఉన్న ఫైలును చూపించాలి. ఇలా ఎంచుకోవడం వల్ల ఫైలు నడవదు, టెన్షన్ పడకండి. సైజు 650 ఎంబీ దాకా తీసుకుంటుంది.

ఇక్కడ రెండు చిక్కులు వస్తాయి. ఒకటి, చిన్న సాఫ్ట్‌వేర్ అని చెప్పి 700 ఎంబీ ఫైలు ఇవ్వడం. లోపల ఉత్త సున్నాలు నింపి, స్కానర్లు తీసుకోనంత లావు చేస్తారు. 2023లో ఎమోటెట్ అనే వైరస్‌ను వదిలే ముఠా వర్డ్ ఫైళ్లతో ఈ పనే చేసింది, అవి 500 ఎంబీ దాటేవి. రెండోది, పాస్‌వర్డ్ పెట్టిన జిప్ పంపి, పాస్‌వర్డ్‌ను మెసేజ్‌లోనే రాయడం. తాళం వేసి తాళంచెవి కూడా వాళ్లే ఇస్తున్నారంటే, ఆ తాళం మీ కోసం కాదు, మధ్యలో ఉన్న స్కానర్ కోసం. అలాంటి జిప్‌ను అలాగే అప్‌లోడ్ చేస్తే సాధారణంగా లోపల ఏముందో దానికి కనపడదు, సున్నా చూపిస్తుంది. విప్పి, లోపలి ఫైలును వేస్తేనే ఉపయోగం. విప్పేటప్పుడు చెయ్యి జారి డబుల్ క్లిక్ పడుతుందేమో అని భయం ఉంటే విప్పకుండా డిలీట్ చేయండి, ఆ నిర్ణయంతో ఎవరూ నష్టపోలేదు.

5. ఫలితం చదవడం

అందరూ పైన ఉన్న అంకె చూసి వదిలేస్తారు. 70కి 0 వచ్చిందా, వేసేద్దాం. 70కి 2 వచ్చిందా, అమ్మో వైరస్. రెండూ తొందరే.

పది పదిహేను దాటి ఎర్రగా ఉంటే, అందులో పేరున్న కంపెనీలు ఉంటే, చర్చ లేదు, తీసేయండి. పేర్లలో ట్రోజన్ (మంచి ఫైలు వేషంలో వచ్చేది), బ్యాంకర్ (బ్యాంకు వివరాలు దోచేది), స్టీలర్ (పాస్‌వర్డ్‌లు దొంగిలించేది), ఎస్‌ఎంఎస్ స్పై, డ్రాపర్ (మరో వైరస్‌ను లోపలికి దింపేది) లాంటివి కనిపిస్తే మరీను.

ఒకటి రెండే ఎర్రగా ఉండి, అవి మీరెప్పుడూ వినని కంపెనీలై, పేర్లలో జనరిక్, హ్యూరిస్టిక్, ఎంఎల్ లాంటి మాటలుంటే అది ఊహ మీద ఇచ్చిన అభిప్రాయం. చిన్న డెవలపర్లు రాసిన మంచి సాఫ్ట్‌వేర్లకు కూడా ఇది మామూలే. పీయూఏ, రిస్క్‌వేర్ అన్న పేర్లు ఎక్కువగా ప్రకటనలు, అక్కర్లేని టూల్‌బార్లు అంటగట్టే వాటికి వస్తాయి.

సున్నా వచ్చినప్పుడే ఎక్కువ పని ఉంటుంది. డీటెయిల్స్ ట్యాబ్‌లో ఫస్ట్ సబ్మిషన్ తేదీ చూడండి. మూడేళ్ల కిందట వేసిన ఫైలు, ఇవాళ్టికీ సున్నా అంటే దానికి కాస్త విలువ ఉంది. ఇవాళే, అదీ మీరే మొదటగా వేశారంటే ఆ సున్నాకు విలువ లేదు, యాంటీవైరస్‌లకు ఇంకా తెలియలేదంతే. రెండు రోజులు ఆగి అదే రిపోర్టు తెరిచి రీఎనలైజ్ నొక్కండి. నిన్న సున్నా ఉన్నది ఇవాళ ఇరవై కావడం మామూలే. పాత రిపోర్టు దొరికినప్పుడు కూడా చివరి పరీక్ష ఎప్పుడు జరిగిందో చూసి రీఎనలైజ్ కొట్టండి.

ఎరుపు ఎలా కనిపిస్తుందో భయం లేకుండా చూడాలనుకుంటే ఐకార్ టెస్ట్ ఫైలు ఉంది. యాంటీవైరస్ పనిచేస్తోందో లేదో చూడడానికే తయారుచేసిన 68 అక్షరాల ఫైలు అది, హాని చేయదు. దించగానే విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ లాక్కుపోతుంది, అలా లాక్కుపోతేనే అది సరిగ్గా పనిచేస్తున్నట్టు.

6. ఏపీకే అయితే అనుమతులు చూడండి

యాప్‌ల విషయంలో నేను అంకె కన్నా దీన్నే నమ్ముతాను. అదే డీటెయిల్స్ ట్యాబ్‌లో కిందికి వెళ్తే పర్మిషన్ల జాబితా ఉంటుంది. యాప్ తాను చేస్తానన్న పనికీ అడిగే అనుమతులకూ పొంతన ఉందా అన్నదే చూడాల్సింది.

రీడ్ ఎస్‌ఎంఎస్, రిసీవ్ ఎస్‌ఎంఎస్ ఉంటే మీ ఓటీపీలు చదవగలదు. సెండ్ ఎస్‌ఎంఎస్ ఉంటే మీ నంబరు నుంచి మెసేజ్‌లు పంపగలదు. యాక్సెసిబిలిటీ సర్వీస్ అన్నిటికన్నా ప్రమాదం, తెర మీద ఉన్నది చదివి, మీ బదులు తానే బటన్లు నొక్కగలదు. చూపు సరిగా లేనివాళ్ల కోసం పెట్టిన సౌకర్యం అది, దొంగలకు బాగా పనికొచ్చింది. డివైస్ అడ్మిన్ ఉంటే తీసేయడం కష్టం చేస్తుంది. నోటిఫికేషన్ లిజనర్ ఉంటే ఎస్‌ఎంఎస్ అనుమతి లేకుండానే ఓటీపీ పట్టుకోగలదు.

మరో ఎత్తు ఉంది. పైకి కనిపించే ఏపీకేలో ఇవేవీ ఉండవు, శుభ్రంగా కనిపిస్తుంది, కానీ రిక్వెస్ట్ ఇన్‌స్టాల్ ప్యాకేజెస్ అన్న ఒక్క అనుమతి ఉంటుంది. ఇన్‌స్టాల్ చేశాక “అప్‌డేట్ చేయండి” అని చెప్పి లోపల దాచిన రెండో యాప్‌ను వేయిస్తుంది, అసలు దొంగ అదే. చలానా యాప్‌కు మరో యాప్ ఇన్‌స్టాల్ చేసే అధికారం ఎందుకు?

ఇంకొంచెం లోతుగా చూడాలనుకునేవాళ్లకు మాబ్‌ఎస్‌ఎఫ్ అనే ఓపెన్ సోర్స్ పనిముట్టు ఉంది, ఏపీకేను విప్పి ప్రతి అనుమతి పక్కన ప్రమాదం ఎంతో రాసి చూపిస్తుంది. రిపోర్టు పొడవుగా ఉంటుంది, అందులో కనిపించే ప్రతి హెచ్చరికా వైరస్ అని కాదు. మంచి బ్యాంకు యాప్‌ను వేసినా నాలుగు హెచ్చరికలు వస్తాయి.

7. రెండో అభిప్రాయం

జాటీ, మెటాడిఫెండర్ క్లౌడ్ కూడా వైరస్‌టోటల్ లాంటివే. వైరస్‌టోటల్‌లో తేలనిది వీటిలో తేలడం తక్కువ, అందుకని వీటి మీద ఎక్కువ సేపు గడపనక్కర్లేదు. హైబ్రిడ్ ఎనాలిసిస్ కాస్త వేరు. క్రౌడ్‌స్ట్రైక్ వాళ్లది, ఫైలును స్కాన్ చేయడంతో పాటు నడిపి కూడా చూస్తుంది. అప్‌లోడ్ చేసేటప్పుడు ఫైలును ఎవరెవరితో పంచుకోవాలో అడిగే గడులు ఉంటాయి, చదవకుండా నెక్స్ట్ కొట్టకండి.

8. శాండ్‌బాక్స్‌లో నడిపించి చూడండి

ఎక్కడో దూరంగా ఉన్న, పోయినా ఫరవాలేని కంప్యూటర్‌లో ఫైలును నడిపి, అది ఏం చేస్తుందో చూడడమే శాండ్‌బాక్స్. ఎనీ డాట్ రన్, ట్రయాజ్, జో శాండ్‌బాక్స్ ఈ పని చేస్తాయి. మూడింటికీ అకౌంట్ కావాలి, ఉచితంగా వాడితే మీ పరీక్ష అందరికీ కనిపిస్తుంది. ఎనీ డాట్ రన్‌లో అయితే ఆ కంప్యూటర్ తెర మీకు కనిపిస్తుంది, మౌస్‌తో నొక్కొచ్చు కూడా, నేర్చుకోవడానికి బాగుంటుంది. అకౌంట్‌కు ఆఫీసు ఈమెయిల్ అడగొచ్చు. అది లేనివాళ్లు కూడా ఇతరులు వేసిన పబ్లిక్ రిపోర్టులు చూడొచ్చు.

ఏం చూడాలి? వర్డ్ ఫైలు తెరిస్తే పవర్‌షెల్ ఎందుకు లేచింది? బిల్లు చూపించాల్సిన ఫైలు బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌ల ఫోల్డర్‌ను ఎందుకు తడుముతోంది? కంప్యూటర్ ఆన్ కాగానే తానూ మొదలయ్యేలా స్టార్టప్‌లో పేరు ఎందుకు రాసుకుంది? టెలిగ్రామ్ బాట్‌కు సమాచారం ఎందుకు పంపుతోంది? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా దానికి సరైన కారణం చెప్పగలగాలి. చెప్పలేకపోతే వద్దు.

ఏమీ చేయకుండా కూర్చుంటే? తాను శాండ్‌బాక్స్‌లో ఉన్నానని పసిగట్టి నిద్ర నటించే ఫైళ్లు ఉన్నాయి, పరీక్ష ముగిసేదాకా ఆగేవి ఉన్నాయి. అందుకే శాండ్‌బాక్స్ చెడ్డదని చెబితే నమ్మండి, మంచిదని చెబితే సగమే నమ్మండి.

విండోస్ ప్రో ఉన్నవాళ్లకు విండోస్ శాండ్‌బాక్స్ అనేది సొంత కంప్యూటర్‌లోనే ఉంటుంది, విండోస్ ఫీచర్స్‌లో ఆన్ చేసుకోవాలి. మూసేస్తే లోపల జరిగినదంతా చెరిగిపోతుంది. హోమ్ ఎడిషన్‌లో రాదు. దానికి మామూలుగా ఇంటర్నెట్ ఉంటుంది కాబట్టి లోపల మీ జీమెయిల్‌లోకి లాగిన్ అవ్వొద్దు.

9. ఫైలు కాకుండా లింకు వస్తే

యూఆర్ఎల్‌స్కాన్ అనే సైటులో లింకు అతికిస్తే, మీరు వెళ్లకుండానే ఆ పేజీ బొమ్మ తీసి చూపిస్తుంది, చివరికి ఏ అడ్రసుకు తీసుకెళ్తుందో కూడా. అకౌంట్ లేకుండా వాడితే మీ స్కాన్ మామూలుగా పబ్లిక్ అవుతుంది. పాస్‌వర్డ్ రీసెట్ లింకులు, మీకు మాత్రమే పంచిన డ్రైవ్ లింకులు అందులో వేశారంటే ప్రపంచానికి పంచినట్టే.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

“క్రాక్ కాబట్టి ఎర్రగా చూపిస్తుంది, యాంటీవైరస్ ఆఫ్ చేసి వేసుకో.” డీటీపీ సెంటర్లలో, కాలేజీ హాస్టళ్లలో ఇది వేదవాక్కు. డబ్బు కట్టాల్సిన సాఫ్ట్‌వేర్‌ను ఊరికే నడిపించే క్రాక్‌లను యాంటీవైరస్‌లు హ్యాక్‌టూల్ అని గుర్తు పడతాయన్న మాట నిజమే. కానీ పాస్‌వర్డ్‌లు దొంగిలించే స్టీలర్లు జనంలోకి వెళ్లే పెద్ద దారుల్లో క్రాక్‌లు ఒకటి, ఎందుకంటే యాంటీవైరస్‌ను మీ చేత్తో మీరే ఆపే చోటు అదొక్కటే. హ్యాక్‌టూల్ అన్న పేరు చాటున స్టీలర్ ఉందో లేదో ఇంట్లో కూర్చుని తేల్చడం మీ వల్లా కాదు, నా వల్లా కాదు.

ఒక ఫైలు పరీక్షించి ఇంకోటి వేసుకోవడం కూడా జరుగుతుంది. జిప్ వేసి బాగుందనుకుని, లోపలి ఈఎక్స్‌ఈ మరో సైటు నుంచి దించుకుంటారు. చివరికి నడపబోయే ఫైలు హాష్, రిపోర్టులో ఉన్న హాష్ ఒకటేనా అని సరిచూడండి. మొదటి ఆరు, చివరి ఆరు అక్షరాలు కలిస్తే మామూలు అవసరాలకు చాలు.

అసలు సైటు ఇచ్చిన హాష్‌తో పోల్చకపోవడం మరొకటి. వీఎల్‌సీ లాంటివి డౌన్‌లోడ్ పేజీలోనే ఎస్‌హెచ్‌ఏ-256 ఇస్తాయి. అది కలిస్తే, ఫైలు దారిలో మారలేదని తెలుస్తుంది, ఇన్ని మెట్లు ఎక్కే పని కూడా ఉండదు. ఈఎక్స్‌ఈ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ చూడడం కూడా మంచి అలవాటే. సంతకం లేకపోతే చెడ్డదని కాదు, కానీ పెద్ద కంపెనీ పేరు చెప్పుకునే ఫైలుకు సంతకం లేకపోతే అది ఆ కంపెనీది కాదనే అనుకోండి.

ఇప్పటికే నొక్కేసి ఉంటే

పరీక్షలు తర్వాత. ఫోన్ అయితే వెంటనే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆగిందో లేదో చూడండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు ఫోన్ చేసి నెట్ బ్యాంకింగ్, యూపీఐ, కార్డులు ఆపమనండి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్, యాక్సెసిబిలిటీ రెండు చోట్లా ఆ యాప్‌ను ఆఫ్ చేసి, అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఐకాన్ కనిపించకపోతే యాప్‌ల పూర్తి జాబితాలో వెతకండి, ఐకాన్ దాచుకోవడం వీటికి అలవాటు. అక్కడా మొరాయిస్తే సేఫ్ మోడ్‌లో తీయాలి. నెట్‌వర్క్ తిరిగి ఆన్ చేశాక *#21# డయల్ చేసి కాల్స్ ఎక్కడికైనా ఫార్వర్డ్ అవుతున్నాయేమో చూడండి, అవుతుంటే ##002# కొట్టండి. అనుమానం తీరకపోతే ఫొటోలు, కాంటాక్టులు వేరేచోట దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి.

పాస్‌వర్డ్‌లు మార్చేటప్పుడు ఆ ఫోన్‌లో మార్చకండి, శుభ్రంగా ఉన్న వేరే ఫోన్‌లో మార్చండి. కంప్యూటర్ అయితే నెట్ తీసేసి, డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైటులో ఉచిత బాట్ రిమూవల్ (దొంగ ప్రోగ్రామ్‌లను తీసేసే) పనిముట్లు ఉన్నాయి, ఫోన్ల కోసం హైదరాబాద్ సీడాక్ తయారుచేసిన ఎం-కవచ్ 2 యాప్ ఉంది. దాన్ని కూడా ప్లే స్టోర్ నుంచే వేసుకోండి, ఎవరైనా ఏపీకేగా పంపితే కాదు.